మచ్చ ఎక్కడ ఉంది?

ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రే ఫిలిమును మీలో చాలామంది చూసే ఉంటారు. డాక్టరుగారు దానిని వెలుగుకు అడ్డంపెట్టి "ఇదుగో, ఇక్కడ మచ్చ ఉంది" అంటారు. ఆ మాట వినగానే మన గుండె ఝల్లుమంటుంది. మనం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతాం. డాక్టరుగారు ఆగరు. కుడివైపా, ఎడమవైపా? పక్కటెముక మీదా, ఊపిరితిత్తి లోపలా? అసలది మచ్చేనా, లేక ఫిలిము కడిగేటప్పుడు పడ్డ మరకా? ఇవన్నీ తేలిన తరువాత గాని ఆయన కత్తి పట్టరు.

ఇనుముకు కూడా ఇలాగే ఎక్స్‌రే తీస్తారు. విశాఖపట్నంలో ఆ పని నేను కొన్నేళ్ళు చేశాను. అక్కడ నేర్చుకున్న ఒక సంగతిని, అక్కడే చేసిన ఒక తప్పును ఈ వారం మీ ముందు పెడుతున్నాను. ఎదుటివాని తప్పును ఎత్తి చూపాలంటే మనకు ముందుగా ఏమి తెలిసి ఉండాలి? ఇంట్లో, బడిలో, విచారణలో, ఉద్యోగంలో మనం రోజూ చేసే పనే ఇది. అయినా దాని గురించి మనం ఆలోచించేది చాలా తక్కువ.

సింధియా జంక్షను దాటి యారాడకు వెళ్ళే కొండదారి ఎక్కినవారికి ఆ చోటు గుర్తుండే ఉంటుంది. కొండకు అవతల సముద్రం, కొబ్బరిచెట్లు, యారాడ ఊరు. ఇవతల ఓడరేవు, ఓడల కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం. 1941లో సింధియా కంపెనీవారు ఇక్కడ ఓడల నిర్మాణానికి పునాది వేశారు. అక్కడ తయారైన 'జల ఉష' ఓడకు 1948 మార్చి 14న నెహ్రూగారు జలప్రవేశం చేయించారు. 1957లో కాల్‌టెక్స్ వారి రిఫైనరీ వచ్చింది. 1966లో భారీ ప్లేట్లు, వెసల్స్ తయారుచేసే కర్మాగారం వెలిసింది. వీటి చుట్టూ లెక్కలేనన్ని చిన్నా పెద్దా షాపులు పుట్టాయి. ఇన్ని చోట్ల జరిగే పని అంతా చివరకు ఒక్క దాని మీద నిలబడుతుంది: రెండు ఇనుప పలకల మధ్య వెల్డరు వేసిన కుట్టు. అది గట్టిగా ఉంటే ఓడ తేలుతుంది, బాయిలరు మరుగుతుంది. లేకపోతే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

కుట్టు పైకి ఎంత అందంగా ఉన్నా లోపల ఏముందో కంటికి తెలియదు. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. ఆయన తన భార్య చేతికి తీసిన బొమ్మను, ఆ వేలికున్న ఉంగరాన్ని లోకమంతా చెప్పుకుంది. అదే తొలి వ్యాసంలో ఆయన ఒక లోహపు ముక్క గురించి కూడా రాశాడు. లోపలి భాగం అంతటా ఒకే తీరుగా లేదని ఆ ముక్కకు తీసిన బొమ్మ చూపించింది. అంటే మన పని కూడా ఆ చేతి బొమ్మంత పాతదే. షాపుల్లో ఎక్కువగా వాడేది ఎక్స్‌రే యంత్రం కాదు, ఇరిడియం-192 అనే ఐసోటోపు. సీసపు గూడు లాంటి పెట్టెలో బియ్యపు గింజంత మూలకం ఉంటుంది. దాని బలం 74 రోజులకు సగమవుతుంది. దానిని కుట్టుకు ఒక పక్క ఉంచి, రెండో పక్క ఫిలిము కట్టి, లెక్కవేసినంత సేపు తెరిచి మూసేస్తారు. చుట్టూ తాడు కట్టి, ఎర్రదీపం పెట్టి, అందరూ ఇళ్ళకు వెళ్ళిన తరువాత రాత్రిపూట ఈ పని జరుగుతుంది. నా వంటి వాళ్ళ యౌవనమంతా ఆ తాడు లోపలే గడిచింది. అది వేరే కథ.

ఫిలిము మీద అంతా నీడల భాష. ఇనుము తక్కువగా ఉన్న చోట కిరణాలు ఎక్కువగా దూసుకుపోతాయి, అక్కడ ఫిలిము నల్లబడుతుంది. గుండ్రటి నల్లచుక్కలైతే గాలి బుడగలు. వంకరటింకర నల్లమచ్చ అయితే కుట్టులో చిక్కుకుపోయిన స్లాగు. మధ్యలో తీగలాగా నిటారు గీత ఉంటే అడుగుదాకా లోహం కరగలేదని అర్థం. సన్నని వెంట్రుక వంటి గీత కనబడితే అది పగులు, అన్నిటికన్నా చెడ్డది.

కొత్తగా చేరినవాడు మచ్చ కనబడగానే "దొరికింది!" అని సంబరపడతాడు. నేనూ పడ్డాను. మాకు పని నేర్పిన పెద్దాయన మాత్రం మూడు ప్రశ్నలు అడిగేవారు. మొదటిది: మచ్చ కుట్టులో ఉందా, ఫిలిములోనే ఉందా? గోరు గీసుకున్నా, చీకటిగదిలో మందు చుక్క పడినా, ఫిలిమును మడిచినా మచ్చలు వస్తాయి. ఫిలిమును దీపం దగ్గర ఏటవాలుగా తిప్పి చూస్తే గీత పైపైన మెరుస్తుంది. అనుమానం తీరకపోతే మళ్ళీ తీయాలి. రెండోది: మచ్చ కుట్టు లోపల ఉందా, పైన ఉందా? కుట్టు మీద చిన్న గుంట ఉన్నా ఫిలిము మీద లోపలి లోపంలాగే కనిపిస్తుంది. దాని కోసం తవ్వనక్కరలేదు, వెళ్ళి కంటితో చూస్తే చాలు. ఈ రెండూ కావని తేలాకే మూడో ప్రశ్న: లోపల అయితే ఎక్కడ, ఎంత లోతున?

ఈ మూడింటిలో మొదటిది నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. నాకు కనబడుతున్న లోపం ఎదుటివానిలో ఉందా, చూసే నా సాధనంలో ఉందా? కోడలి వంట రుచిగా లేదనే అత్తగారు, నిజానికి కొడుకు తనకు దూరమయ్యాడన్న బాధను నాలుక మీద పెట్టుకొని తింటూ ఉండవచ్చు. అల్లుడిది పొగరు అనుకొనే మామగారి మనసు మీద ఏనాటిదో గోటి గీత ఉండవచ్చు. ఫిలిమును ఏటవాలుగా తిప్పి చూసినట్టు మనసును తిప్పి చూసుకోవడానికి మనకు ఆత్మపరిశోధన అనే అలవాటు నేర్పారు. దానిని మనం సాధారణంగా మన పాపాల లెక్కకే వాడతాం. ఇతరుల పాపాల లెక్క తీసేముందు వాడం.

ఇక మూడో ప్రశ్న. ఫిలిము కడిగి వచ్చేసరికి అది గదిలో ఉంటుంది, కుట్టు షాపులో ఉంటుంది. ఈ ఫిలిములోని ఈ మచ్చ ఆ కుట్టులో సరిగ్గా ఏ అంగుళంలో ఉందో ఎలా తెలుస్తుంది? అందుకే ఫిలిము తీసేముందు కుట్టు పక్కన సీసపు అక్షరాలు, అంకెలు అంటిస్తారు. పాత్ర నెంబరు, కుట్టు నెంబరు, వెల్డరు నెంబరు, తరువాత వరుసగా 0, 1, 2, 3. సీసంలోనుంచి కిరణాలు వెళ్ళవు కనుక అవి ఫిలిము మీద తెల్లగా పడతాయి. అవే గుర్తులు పాత్ర మీద చెరిగిపోకుండా ఉండాలి. జీరో ఎక్కడ మొదలైంది, లెక్క ఏ వైపుకు నడిచింది, ఈ రెండూ తెలియాలి. అప్పుడు ఫిలిమును తీసుకువెళ్ళి, తీసినప్పుడు ఎలా ఉందో అలాగే కుట్టు మీద పరచి, మచ్చ ఉన్నచోట సుద్దతో గీయవచ్చు. ఇప్పుడు చాలాచోట్ల ఫిలిము పోయి కంప్యూటరు తెర వచ్చింది. సీసపు అంకెలు మాత్రం పోలేదు.

సుద్దతో గీసినా లోతు తెలియదు. నీడకు లోతు ఉండదు కదా. దీనికి ఉపాయం యారాడ తీరంలోని జాలరివారికి మాకన్నా ముందే తెలుసు. జి.పి.ఎస్. యంత్రాలు రాకముందు సముద్రంలో చేపలున్న తావును ఎలా గుర్తుపెట్టుకొనేవారు? ఒడ్డున ఒక చెట్టు వెనక కొండకొన వచ్చి నిలిచిందంటే ఒక వరుస. మరోవైపు ఇంకో రెండు గుర్తులు ఒకదాని వెనుక ఒకటి వస్తే రెండో వరుస. ఆ రెండు వరుసలు కలిసినచోటే వల. ఒక్క వరుసతో వల వేసేవాడు సముద్రమంతా తిరగవలసిందే. మా పనిలోనూ అంతే. ఒకసారి ఫిలిము తీసి, మూలకాన్ని కొంచెం పక్కకు జరిపి మళ్ళీ తీస్తాం. మచ్చ నీడ జరుగుతుంది. ఫిలిముకు దగ్గరగా ఉన్న లోపమైతే నీడ కొంచెమే జరుగుతుంది, పైకి ఉన్నదైతే ఎక్కువ జరుగుతుంది. ఉదాహరణకు మూలకం ఫిలిముకు 600 మి.మీ. ఎత్తున ఉంది, దానిని 150 మి.మీ. పక్కకు జరిపాం, నీడ 3 మి.మీ. జరిగింది అనుకోండి. లోపం ఫిలిముకు దాదాపు 12 మి.మీ. ఎత్తున ఉన్నట్టు. పలక మందం 40 మి.మీ. అయితే పైనుంచి 28 మి.మీ. మంచి లోహాన్ని పాడుచేయనక్కరలేదు. కిందనుంచి తెరిస్తే 12తో పోతుంది.

మన మాటల్లో ఈ లెక్క ఎంతమంది వేస్తున్నాం? పిల్లవాడు లెక్కల్లో తప్పాడు. "వీడికి చదువు మీద ధ్యాస లేదు" అంటాం. అది సుద్దగీత కూడా కాదు, పాత్ర మొత్తాన్ని నలుపు చేయడం. భిన్నాలు రావడం లేదా? బోర్డు కనబడటం లేదా? పక్కవాడు ఏడిపిస్తున్నాడా? ఒక్కొక్కదానికి తవ్వవలసిన చోటు వేరు, తవ్వవలసిన వైపు వేరు. భార్యాభర్తల తగాదాలో తరచుగా వినబడే మాట "నువ్వెప్పుడూ ఇంతే". అందులో జీరో లేదు, అంకె లేదు, లోతు లేదు. విన్నవారికి ఏ అంగుళం దిద్దుకోవాలో తెలియదు. అందుకే ఎవరూ దిద్దుకోరు. తప్పు చేసిన సోదరుని దగ్గరకు మొదట ఒంటరిగా వెళ్ళమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన దానిలో మర్యాద మాత్రమే ఉందని నేను చాలాకాలం అనుకున్నాను. వెళ్ళకపోతే లోపం ఎక్కడుందో తెలియదన్న సంగతి కూడా అందులో ఉందని తరువాత అర్థమైంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. అప్పటికి నాకు పాతికేళ్ళు లేవు. పరిశ్రమల పేటలోని ఒక షాపులో ఫిలిములు చదివే గదిలో కూర్చునేవాణ్ణి. ఒక పెద్ద పాత్రకు గుండ్రటి కుట్టు ఉంది. ఫిలిములో మూడో అంకె దాటాక నాలుగు సెంటీమీటర్ల దగ్గర స్లాగు గీత స్పష్టంగా ఉంది. షాపులోకి వెళ్ళేసరికి అంకెల టేపు ఊడదీసేశారు. జీరో దగ్గర కొట్టిన పంచి గుర్తు మాత్రమే మిగిలింది. ఏ వైపు లెక్కించాలో చూపే బాణం లేదు. అప్పుడు నేను ఆగి అడగాలి. నేను అడగలేదు. నాకు తోచిన వైపు టేపు పరచి కొలిచి సుద్దతో గీశాను. సరైన దిక్కుకు అది పూర్తిగా ఎదురు దిక్కు.

ఆ కుట్టు వేసిన వెల్డరు యారాడ మనిషి. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. కార్బన్ కడ్డీతో కాల్చి గాలితో ఊది నేను గీసినచోట తవ్వాడు. కొంతసేపటికి మాస్కు ఎత్తి, "ఇక్కడేటీ నేదు బాబూ" అన్నాడు. "ఫిలిము అబద్ధం చెప్పదు, ఇంకా తియ్యి" అన్నాను. తీశాడు. ఏమీ లేదు. ఇంకా తీయమన్నాను. మంచి లోహాన్ని అడుగుదాకా తవ్వించి మళ్ళీ కుట్టు వేయించాను. రిపేరు తరువాత ఆ చోటును మళ్ళీ ఫిలిము తీయాలి, దాని మీద ఆర్-1 అని సీసపు గుర్తు పెట్టాలి. నా ఆర్-1లో కొత్త కుట్టు చివర కొంచెం బుడగలు వచ్చాయి. రిజిస్టరులో "రిపేరు ఫెయిలు" అని అతని నెంబరు ఎదురుగా రాశాను. అతన్ని ప్రెషరు కుట్ల నుంచి తీసి, మళ్ళీ పరీక్ష పెట్టేదాకా స్టాండ్లకు, బ్రాకెట్లకు వెల్డింగు చేయమన్నారు. కొన్ని వారాల ఓవర్‌టైము పోయింది. డబ్బుకన్నా, ఇరవై ఏళ్ళుగా కుట్లు వేస్తున్న మనిషిని కొత్త కుర్రాళ్ళతో పాటు పరీక్షకు నిలబెట్టారు.

పక్క ఫిలిములు వరుసగా పెట్టి చూస్తున్న ఒక రాత్రి నాకు సంగతి తెలిసింది. ఫిలిము అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను. మర్నాడు సరైన చోట గీయించాను, వేరే వెల్డరు చేత తీయించాను, స్లాగు దొరికింది. కాగితాల మీద అది ఆర్-2 అయింది. ఎందుకైందో ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

ఇక్కడ ఒక నియమం గుర్తుకు వస్తుంది. పూర్తి కుట్టుకు ఎక్స్‌రే అక్కరలేని పాత్రలకు అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం వారి కోడ్‌ను మన షాపుల్లో కూడా పాటిస్తారు. దాని ప్రకారం 50 అడుగుల కుట్టుకు ఒకచోట, కనీసం 6 అంగుళాల ఫిలిము తీస్తే చాలు. అందులో తప్పు కనబడితే కుట్టంతా చెడ్డదని కొట్టివేయరు. అదే కుట్టులో దూరంగా మరో రెండుచోట్ల తీస్తారు. రెండూ బాగుంటే మొదటి తప్పును మాత్రం దిద్దితే సరిపోతుంది. ఆ రెండింటిలో ఒక్కటి చెడినా సంగతి మారుతుంది, మొత్తం కుట్టు విచారణకు వస్తుంది. ఒక తప్పు దొరికినవానికి మరో రెండుచోట్ల తన పనిని చూపే అవకాశం ఇనుము చట్టం ఇచ్చింది. మనం మన పొరుగువారికి ఇస్తున్నామా?

"ఇంత జాగ్రత్త పడితే ఇక ఎవరి తప్పు ఎవరు చెబుతారు? అందరం నోరు మూసుకొని కూర్చోవలసిందేనా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా ఒక సంగతి చెబుతాను. 1980 మార్చి 27న నార్వేకు చెందిన అలెగ్జాండర్ కీలాండ్ అనే తేలే వేదిక ఉత్తర సముద్రంలో తుఫానుకు ఒక కాలు విరిగి తలకిందులైంది. చమురు బావుల పనివారికి అది వసతిగృహం. అప్పుడు దానిలో 212 మంది ఉన్నారు, 123 మంది చనిపోయారు. విచారణలో పగులు ఎక్కడ మొదలైందో తేలింది. నీటి అడుగున శబ్దం వినే ఒక పరికరాన్ని నిలబెట్టడానికి, వేదికను మోసే గొట్టానికి ఒక చిన్న పలకను 6 మి.మీ. కుట్టుతో అతికారు. బరువు మోసే భాగం కాదు కనుక దానిని ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. పగిలిన ముఖం మీద రంగు ఆనవాళ్ళు కనబడ్డాయి. అంటే వేదిక సముద్రంలోకి రాకముందే అక్కడ పగులు ఉంది, రంగు వేసినప్పుడు అది పగులులోకి ఇంకింది. కుంచె పట్టిన మనిషి ఆ చోటును దాటిపోయాడు.

అందుచేత ఊరుకోవడం జాగ్రత్త కాదు. చూడవలసినచోట చూడనివాడు, తప్పు చోట తవ్వేవాడు, ఇద్దరి వల్లా ఆ లోపం కుట్టులో అలాగే మిగిలి ఉంటుంది. ఇంకొకటి కూడా చెప్పాలి. ఫిలిము తెల్లగా వచ్చినంత మాత్రాన కుట్టు మంచిదని ప్రమాణం చేయలేం. పగులు కిరణాల దారికి అడ్డంగా పడుకొని ఉంటే దాని నీడ పడదు. అందుకే ముఖ్యమైనచోట ధ్వని తరంగాలతో మరోసారి చూస్తారు. "మా అబ్బాయి గురించి ఎవరూ ఒక్కమాట అనలేదు" అని నిశ్చింతగా ఉండే తల్లిదండ్రులు దీనిని కొంచెం ఆలోచించాలి.

మరి తప్పుచోట తవ్వినవాడు ఏం చేయాలి? ఇతరుల పేరు పాడుచేసినవాడు పాపసంకీర్తనంలో చెప్పుకున్నంత మాత్రాన బాధ్యత తీరదని, పోయిన పేరును తిరిగి నిలబెట్టడానికి తనకు చేతనైనంత చేయాలని మన శ్రీసభ బోధ. దొంగిలించిన డబ్బు తిరిగి ఇవ్వాలని మనకు బాగా తెలుసు. దొంగిలించిన పేరు సంగతి అంతగా పట్టించుకోం. పేరు పోయింది పదిమందిలో అయితే, మనం క్షమాపణ చెప్పేది చెవిలో.

నేను చెవిలో కూడా చాలా ఆలస్యంగా చెప్పాను. ఉద్యోగం నుంచి దిగిన తరువాత ఒకనాడు బస్సులో యారాడ కొండ ఎక్కి దిగి, అడుగుతూ అడుగుతూ అతని ఇల్లు పట్టుకున్నాను. అరుగు మీద కూర్చొని వలకు పడ్డ చిరుగు కుడుతున్నాడు. వల కొడుకుది. నన్ను గుర్తుపట్టాడు. ఆ పాత్ర, ఆ గుండ్రటి కుట్టు, నేను గీసిన సుద్దగీత, అన్నీ చెప్పాను.

అతను చేతిపని ఆపలేదు. "ఆ సంగతి నాకప్పుడే తెల్సు బాబూ. గుంత అడుగు దాకా తవ్వినా ఏటీ నేకపోతే గుర్తు తప్పని తెల్దా? నువ్వెప్పుడు చెప్తావా అని సూసినాను" అన్నాడు.

తరువాత దారం తుంచి, నా వైపు చూసి అడిగాడు. "మరి ఆ రిజిస్టర్లో దిద్దినావా?"

దిద్దలేదు.